కోటేశ్వరి ఉతుకు

నా భార్య ఉతుకును మా బావమరిది శివనాగరాజు దొంగిలించాడు. ఇందులో అనుమానం లేదు. వాడు ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకున్నంత మాత్రాన దొంగతనం ఇంకొకటి అయిపోదు.

చీరను దొంగిలిస్తారు, గొలుసును దొంగిలిస్తారు, ఉతుకును ఎలా దొంగిలిస్తారని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాను.

మాది చిలకలూరిపేటకు దగ్గర్లో నల్లరేగడి పల్లె. పత్తి వేస్తాం, మిరప వేస్తాం. మిరప కోత మొదలైందంటే కల్లం ఎత్తేదాకా ఒంటి మీది బట్టకు ఘాటు వదలదు. కాయలు ఎండబోస్తాం, తిరగదోస్తాం, తాలుకాయ ఏరేస్తాం, టిక్కీల్లోకి, అదే పెద్ద గోనెసంచుల్లోకి, తొక్కుతాం. ఆ దుమ్ము చొక్కా మడతల్లోకి, పంచె అంచుల్లోకి, తలగుడ్డలోకి పోతుంది. అందుకే మా ఇళ్ళలో కల్లం బట్టలు గడప దాటి లోపలికి రావు. దొడ్లోనే విడిచి, వేరే బకెట్టులో పడేస్తాం. ఇంట్లో బట్టలతో కలపం. తెలియక కలిపిన కొత్త కోడళ్ళు ఆ రాత్రే తెలుసుకుంటారు.

వాటిని ఉతకడానికి నా భార్య కోటేశ్వరికి ఒక పద్ధతి ఉండేది. ముందు సబ్బు తగలకూడదు. తగిలితే ఘాటు నూలు లోపలికి పోయి కూర్చుంటుందని ఆమె నమ్మకం. నిండా చన్నీళ్ళలో ముంచి వదిలెయ్యాలి. కదపకూడదు. దుమ్ము దానంతట అది విడిచి అడుగుకు దిగాలి. ఆ తర్వాతే సబ్బు, అదీ కొంచెంసేపే. ఆపైన నీళ్ళు మార్చి మార్చి జాడించాలి. పెళ్ళయిన నాటి నుంచి ఇదంతా చేత్తోనే చేసింది. కోతల కాలమంతా ఆమె అరచేతులు ఎర్రగా పొంగి ఉండేవి. మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేది. అన్నం చెంచాతో తినేది. ఆ చేతులతో కళ్ళు నలుపుకోకూడదు కాబట్టి భుజానికి తుడుచుకునేది.

మాకు పిల్లలు లేరు. శివనాగరాజు ఆమె తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే ఆమే వాణ్ణి పెంచింది. పెళ్ళయ్యాక మా ఇంట్లోనే ఉంచుకుని బడికి పంపింది. చదువు వాడికి అబ్బలేదు, స్క్రూడ్రైవర్ అబ్బింది. పేటలో జిన్నింగు మిల్లుల వైపు చిన్న షాపు పెట్టుకున్నాడు. మోటారు స్టార్టర్లు, ఫ్యాన్లు, మిక్సీలు, వాషింగ్ మిషన్లు బాగుచేస్తాడు. పెళ్ళాం పేరు రాజేశ్వరి. ఇల్లు షాపు వెనక సందులో.

అక్క చేతులు చూడలేక మా ఇంటికి మిషన్ తెచ్చింది వాడే. అది కాదనను.

మొదట తెచ్చింది రెండు తొట్ల మిషన్. దానికి ఒక టైమర్ ఉండేది. బిళ్ళ తిప్పి వదిలితే కిర్రుకిర్రుమంటూ వెనక్కి వచ్చి, సున్నా దగ్గర బజర్ మోగేది. వాడు దాన్ని విప్పి అక్కకు లోపల చూపించాడు. చుట్టుకున్న స్ప్రింగు, పళ్ళచక్రాలు, ఒక చక్రం అంచున గుంటలు. గుంట వచ్చినప్పుడు చిన్న రేకు అందులో పడి మోటారుకు కరెంటు ఆగిపోతుంది. గుంట దాటగానే రేకు లేస్తుంది, మోటారు ఈసారి రెండోవైపు తిరుగుతుంది.

“ఇది గడియారం అక్కా, అంతే. తిప్పినంతసేపు తిరుగుతుంది. లోపల ఉన్నవి పట్టుబట్టలో గోనెసంచులో దానికి తెలియదు.”

“నాననివ్వదా?”

“నాననివ్వదు. దానికి తిరగడమొకటే తెలుసు.”

“అయితే మీ బావ లాంటిదే. ఆగమంటే ఆగదు,” అంది కోటేశ్వరి.

దాంతో కొన్నేళ్ళు గడిచాయి. కల్లం బట్టలు మాత్రం చేత్తోనే ఉతికేది. తర్వాత వాడే పైనుంచి బట్టలు వేసే ఫుల్ ఆటోమేటిక్ తెచ్చాడు. సరిగ్గా అలాంటిదే ఇంకొకటి తన ఇంటికీ తీసుకున్నాడు. ఒకే కంపెనీ, ఒకే మోడలు. సామాను ఒకదానిది ఇంకొకదానికి పనికొస్తుందన్నాడు. పనికొచ్చింది.

దొడ్లో నాపరాళ్ళ మీద మిషన్ నిలబెట్టి, మూత వెనక ప్యానెల్ విప్పి బోర్డు చూపించాడు. పచ్చటి రేకులాంటిది, దాని నిండా గింజలు పోసినట్టు సామాను.

“అక్కా, ఇదిగో దీని బుర్ర.”

“ఇంతేనా?”

“ఇంతే. బావకి ఇంత కూడా లేదు.”

“ఏరా,” అన్నాను.

“నీ బోర్డు కాలిపోయి చాలా ఏళ్ళయింది బావా. ఆ మోడలుకి సామాను కూడా దొరకదు.”

అక్కా తమ్ముడూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు.

బోర్డు ఏం చేస్తుందో వాడు ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పాడు. తొట్టి అడుగు నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఒకటి పైకి వస్తుంది. తొట్లో నీళ్ళు పెరిగేకొద్దీ ఆ గొట్టంలో గాలి నొక్కుకుంటుంది. ఆ నొక్కుడును బట్టి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో బోర్డు తెలుసుకుని పంపు కట్టేస్తుంది. మోటారును ఎటు తిప్పాలో, ఎంతసేపు తిప్పాలో, మధ్యలో ఎంత ఆపాలో అదే చెబుతుంది. మురికినీళ్ళు వదలమన్నా, మూత ఎత్తితే ఆగమన్నా అదే. ప్రతి ఆజ్ఞకూ లోపల టక్కుమని ఒక చప్పుడు.

“కంపెనీవాడు కొన్ని ఉతుకులు ఇందులో రాసి పెట్టాడక్కా. చీరలకొకటి, దుప్పట్లకొకటి, రోజూ కట్టేవాటికొకటి.”

“కల్లం బట్టలకి?”

“కంపెనీవాడికి కల్లం ఏం తెలుసు?”

“అయితే నేను నేర్పుతా వాడికి.”

నేర్పవచ్చన్నాడు వాడు. నానడం, తిప్పడం, జాడించడం, పిండటం, నీటిమట్టం, వేటికవి మనమే పెట్టుకుని మెమరీ మీట నొక్కి పట్టుకుంటే ఆ ఉతుకు అందులో ఉండిపోతుంది, తర్వాత ఊరికే ఒకసారి నొక్కితే అదే నడుస్తుంది. ఉండేచోటు కూడా చూపించాడు. బోర్డు మూలన కందిబద్దంత నల్లటి ముక్క, అటూ ఇటూ సన్నటి కాళ్ళు. చిప్పు అంటారు.

“కరెంటు పోతే?” అంది.

“కరెంటు పోయినా ఇది మరిచిపోదు. బోర్డు మొత్తానికీ జ్ఞాపకం ఉన్నది దీనికొక్కదానికే.”

ఆ ఏడు కోతల కాలమంతా ఆమె దానికి పాఠం చెప్పింది. నానే సమయం పెంచింది, తిప్పడం తగ్గించింది, జాడింపులు పెంచింది. ప్రతి ఉతుకూ అయ్యాక తడి తువ్వాలు అంచు పెదవికి తాకించి చూసేది. చురుక్కుమంటే ఇంకా చాలలేదని మళ్ళీ మార్చేది. తమ్ముడికి ఫోన్ చేసేది. ఇద్దరూ పంటి నొప్పి గురించి మాట్లాడుకున్నట్టు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఒకసారి పిండటం దగ్గర మిషన్ నాపరాళ్ళ మీద నడుచుకుంటూ పోయి నీళ్ళ గొట్టం ఊడబీక్కుంది. ఆ రోజు నుంచి పిండటం పూర్తిగా తగ్గించేసింది. మోటారు ఊపందుకునేలోపే ఆగిపోయేది. బట్టలు నీళ్ళు కారుతూ తీగ మీదికి వెళ్ళేవి. ఎండ ఎందుకుంది మరి అనేది.

చివరికి ఒకరోజు తువ్వాలు పెదవికి తాకించి, కళ్ళు మూసుకుని నిలబడి, తల ఊపింది. చేతులు చీర చెంగుకు తుడుచుకుని మెమరీ మీట నొక్కి పట్టుకుంది. కుయ్‌మంది. మీట పక్కన చిన్న పచ్చదీపం వెలిగింది.

ఆ ఉతుకు మొదలైతే ముందు నీళ్ళు నిండా వచ్చేవి. తర్వాత ఏమీ ఉండేది కాదు. చాలాసేపు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పక్కింటి హనుమాయమ్మ గోడ మీంచి తొంగి చూసి కంగారుపడేది.

“మీ మిషన్ పోయిందే కోటేశ్వరీ!”

“పోలేదు పిన్నీ, ఆలోచించుకుంటోంది.”

మిషన్ తిరగడం మొదలవగానే ఆమె ఏ పనిలో ఉన్నా వచ్చి, మూత ఎత్తి, గుప్పెడు సబ్బుపొడి చల్లి, మూత వేసి వెళ్ళేది. మధ్యలో కరెంటు పోయినా, వచ్చాక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగేది.

ఆ మిషన్ వచ్చిన మూడో ఏడు వానలు మొదలయ్యేటప్పుడు ఆమెకు కామెర్లు వచ్చాయి. వానలు తగ్గేలోపు పోయింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పెద్దదినం అయ్యాక ఆనవాయితీ ప్రకారం ఆమె చీరలు మా అక్కచెల్లెళ్ళు పంచుకున్నారు. గాజులు, దువ్వెన ఎవరో తీసేశారు. ఫోటో పెద్దది చేయించి గోడకు కొట్టారు. ఆ ఫోటో ఆమెలా ఉండదు. స్టూడియోవాడు మొహం తెల్లగా చేసి, నుదుటి మీది మచ్చ తీసేశాడు.

మిగిలింది మిషన్. నేను రెండు చొక్కాలు వేసి ఆ పచ్చదీపం వెలిగించేవాణ్ణి. కోతలు లేవు, కల్లం లేదు, ఘాటు లేదు. అయినా అదే పెట్టేవాణ్ణి. నీళ్ళు నిండేవి. ఆగేది. నేను గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఆ ఖాళీ సమయం ఎంత ఉండాలో ఆమే తేల్చింది. అది ఆమె పెట్టిన వ్యవధి. నేను కూర్చున్నంతసేపూ ఆమె చెప్పినట్టే నడిచేది. తిరగడం మొదలవగానే లేచి సబ్బుపొడి చల్లేవాణ్ణి. ఇంతకన్నా ఏమీ లేదు. నేను దానితో మాట్లాడానని ఊళ్ళో ఎవరో పుట్టించారు. అబద్ధం.

కోతల ముందు ఒకరోజు మీట నొక్కితే టపీమని చప్పుడు వచ్చి మిషన్ చచ్చిపోయింది. కాలిన వాసన. శివనాగరాజును పిలిచాను. వచ్చి వెనక విప్పాడు.

“బల్లి బావా. బోర్డు మీద రెండు తీగలకీ అడ్డంగా పడి చచ్చింది. బోర్డు కూడా పోయింది.”

కొత్త బోర్డు తెచ్చి వేశాడు. కాలిన దాన్ని సంచిలో వేసుకున్నాడు.

“మరి ఆమె పెట్టిన ఉతుకు?” అన్నాను.

వాడు వంగి స్క్రూ బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

“బోర్డుతో పాటే పోయింది బావా.”

నమ్మాను. వాడు కోటేశ్వరి పెంచినవాడు, ఎందుకు నమ్మను? ఆ ఏటి కల్లం బట్టలన్నీ కంపెనీ ఉతుకులో పడ్డాయి. నీళ్ళు రావడంతోనే సబ్బు, సబ్బుతోనే తిప్పుడు. చొక్కా మెడ చుట్టూ మండేది. గుర్తున్నంత వరకు తను ఏదో ఒకటి పెడతానని వాడు ఒకసారి అన్నాడు. వద్దన్నాను. పోయింది పోయిందే అనుకున్నాను. రెండోసారి కర్మ చేసినవాడిలా ఆ దీపం వైపు చూడడం మానేశాను.

కోతలు అయిపోయి, పొలంలో పత్తికట్టె కాలుస్తున్న రోజుల్లో బోరు స్టార్టర్ చెడిపోయింది. వాడి షాపులో ఇచ్చాను. తీసుకుందామని మధ్యాహ్నం పేట వెళ్ళాను. షట్టరు వేసి ఉంది. ఇంటికి వెళ్ళాను.

రాజేశ్వరి తలుపు తీసింది.

“రండి అన్నయ్యా, కాళ్ళు కడుక్కోండి. మిల్లులో ఫ్యాను బిగించడానికి వెళ్ళాడు, వచ్చేస్తాడు. మీ స్టార్టర్ బండిలోనే ఉంది.”

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. రేకుల కింద వాళ్ళ మిషన్ ఉంది. నీళ్ళు పడుతున్నాయి. నిండా పడ్డాయి. టక్కుమని పంపు ఆగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

చెంబు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

“మజ్జిగ తాగండి,” అని రాజేశ్వరి గ్లాసు తెచ్చింది. “ఆ మిషన్ పోలేదు అన్నయ్యా, భయపడకండి. అది అంతే. ఈయనకేం పిచ్చి పట్టిందో, ఈ ఉతుకు తప్ప ఇంకోటి పెట్టనివ్వడు. నాలుగు చొక్కాలకి తొట్టినిండా నీళ్ళు. గంటలు నానుడు. చివరికి పిండదు కూడా. అడిగితే మాట్లాడడు, స్టూలు వేసుకుని దాని పక్కన కూర్చుంటాడు.”

“ఎప్పటి నుంచి?”

“మీ ఇంట్లో బోర్డు మార్చిన కాణ్ణించే.”

గ్లాసు గట్టు మీద పెట్టాను. తాగలేదు. స్టూలు అక్కడే ఉంది. కూర్చోలేదు. పచ్చదీపం వెలుగుతోంది. నేను ఆ ఇంట్లో నిలబడి, నా భార్య పెట్టిన వ్యవధి మొత్తం విన్నాను. తిప్పుడు మొదలైంది. రాజేశ్వరి వచ్చి మూత ఎత్తి సబ్బుపొడి చల్లింది. ఎవరు చెప్పారని అడిగాను. “ఆయనే, అప్పుడే వెయ్యాలంటాడు,” అంది. జాడింపులన్నీ అయ్యాయి. పిండటం మొదలై, ఊపందుకునేలోపే ఆగింది.

అప్పుడు వాడు వచ్చాడు. నన్ను మిషన్ పక్కన చూసి బండికి స్టాండు వెయ్యడం మరిచిపోయాడు. అది గోడకు ఒరిగిపోయింది.

“ఎవరిదిరా ఈ ఉతుకు?”

“బావా, ముందు కూర్చో.”

“ఎవరిదని అడిగాను.”

“అక్కది.”

రాజేశ్వరి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు ఏమీ తెలియదు. అది నిజమే.

“బల్లి బోర్డును కాల్చింది గానీ చిప్పుకేం కాలేదు బావా,” అన్నాడు. “నీ కొత్త బోర్డులో వేద్దామనే ఊడదీశాను. పని చేస్తుందో లేదోనని ముందు నా మిషన్లో పెట్టి చూశాను. నీళ్ళు నిండాయి. ఆగింది. అట్లా ఆగి ఉంది. ఇక తియ్యబుద్ధి కాలేదు.”

“నాతో పోయిందన్నావు.”

“అన్నాను.”

“నా మొహం చూసి అన్నావు.”

“నీ మొహం చూడలేదు బావా. చూస్తే అనలేను.”

“తీసి ఇవ్వు.”

“నీకు ఇల్లంతా అక్కే కదా బావా. ఆమె తోమిన గిన్నెలు, ఆమె అలికిన పొయ్యి, ఆమె పడుకున్న మంచం. చీరలు మీ అక్కచెల్లెళ్ళు పంచుకున్నారు. నేను మగాణ్ణి, నాకెవరిస్తారు చీర? నాకు మిగిలిందేంటి? ఇది నేనూ ఆమే కూర్చుని చేసింది. ఫోన్లో ఒక్కొక్కటీ అడిగి అడిగి పెట్టింది.”

“నన్ను అడిగావా?”

“అడిగితే ఇచ్చేవాడివా?”

ఇచ్చేవాణ్ణి కాదు. ఆ మాట వాడితో అనలేదు.

“తీసి ఇవ్వు,” అన్నాను మళ్ళీ.

“అంకెలన్నీ నాకు తెలుసు. ఇప్పుడే వచ్చి నీ మిషన్లో అవే పెడతాను. అచ్చం ఇట్లాగే నడుస్తుంది.”

“అది నువ్వు నొక్కింది అవుతుంది.”

“అంకెలు అంకెలే కదా బావా.”

“అంకెలే అయితే నీ మిషన్లో నువ్వే నొక్కుకోకపోయావా? దొంగతనం దేనికి?”

వాడు వెళ్ళి గోడకు ఒరిగిన బండిని లేపి స్టాండు వేశాడు.

వచ్చి ఇంకో దారి చెప్పాడు. గుంటూరులో సుభానీ అని ఒకాయన ఉన్నాడట. చిప్పులో ఉన్నదాన్ని చదివి ఇంకో చిప్పులోకి ఎక్కిస్తాడట.

“పొద్దున్నే వెళ్దాం. నువ్వూ రా. అక్క నొక్కింది నువ్వుంచుకో. నకలు నాకు చాలు. ఆయన దగ్గర పనిముట్లు ఉంటాయి, చిప్పు కూడా జాగ్రత్తగా తీస్తాడు.”

“పొద్దుటికి ఆ సుభానీ దగ్గర కూడా బల్లి దూరుతుంది.”

“బావా, ఒట్టు.”

“నకలు కూడా నీకు లేదు. ఇప్పుడే తియ్యి.”

“ఇంట్లో ఉన్న సోల్డరింగ్ కడ్డీ పెద్దది, మోటారు తీగలకి వాడేది. వేడి ఎక్కువైతే చిప్పు తట్టుకోదు.”

“ఇందులో వేసేటప్పుడు తట్టుకుంది కదా.”

“అప్పుడు నా చెయ్యి స్థిమితంగా ఉంది.”

“అన్నయ్యా, తెల్లారనివ్వండి,” అంది రాజేశ్వరి. “మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆయన చేతులు చూడండి.”

“ఇది నీకు సంబంధం లేనిదమ్మా,” అన్నాను.

వాడు పెరట్లోనే మిషన్ వెనక విప్పాడు. బోర్డు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కడ్డీ వేడెక్కాక దాని మొన చిప్పు కాళ్ళ దగ్గర పెట్టాడు. సన్నటి పొగ లేచింది. ఒకవైపు కాళ్ళు వదిలాయి. రెండోవైపు వదలలేదు. కడ్డీ మళ్ళీ పెట్టాడు, తీశాడు, పెట్టాడు. కళ్ళలో నీళ్ళు నిండి కనపడక భుజానికి తుడుచుకున్నాడు. పట్టకారుతో లాగాడు. వచ్చింది. అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు.

“ఏమైంది?” అన్నాను.

“ఏమో బావా.”

“పద.”

వాడి బండి మీదే మా ఊరు వచ్చాం. చిప్పు వాడి చొక్కా జేబులో సిగరెట్ పెట్టె రేకులో చుట్టి ఉంది. ఇంటికొచ్చాక మా మిషన్ విప్పి, కొత్త బోర్డులోని చిప్పు తీసి, దాని చోట దీన్ని పెట్టాడు. హనుమాయమ్మ గోడ మీంచి చూస్తోంది. ఏం జరుగుతోందని అడిగింది.

మెమరీ మీట నేనే నొక్కాను.

కుయ్‌మంది. నీళ్ళు వచ్చాయి. తొట్టి సగం కూడా నిండకముందే పంపు ఆగింది. ఆగీ ఆగగానే మోటారు తిరిగింది. అటు, ఇటు, అటు, ఇటు. కంపెనీ ఉతుకు.

ఆపి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. పచ్చదీపం ఆరి వెలిగి, ఆరి వెలిగి, ఆరిపోయింది.

“వేడికి చెరిగిపోయింది బావా,” అన్నాడు. తర్వాత మీటల మీదికి చెయ్యి చాచాడు. “అంకెలు నాకు గుర్తున్నాయి. పెట్టనా? నువ్వు నొక్కు, నేను చెప్తా. ఒక్కసారి పెట్టుకుందాం బావా, ఇద్దరం—”

వాడి చెయ్యి తోసేశాను.

“ముట్టుకోకు.”

వాడు నాపరాళ్ళ మీద కూలబడ్డాడు. అక్క శవం దగ్గర కూడా అంత గట్టిగా ఏడవలేదు. ఆ రోజు పనులు చూసుకున్నాడు, మనుషుల్ని చూసుకున్నాడు. ఇప్పుడు వీధిలోకి వినపడేలా అక్కా, అక్కా అని ఏడ్చాడు. మిషన్ వట్టి నీళ్ళను తిప్పుతూనే ఉంది.

“ఒరేయ్ పానకాలూ,” అంది హనుమాయమ్మ గోడ మీంచి నాతో, “ఏం రాయివిరా నువ్వు! వాణ్ణి పట్టుకోరా. కోటేశ్వరి కన్నబిడ్డలా పెంచిందిరా వాణ్ణి.”

నేను స్విచ్చి కట్టేశాను.

“పో,” అన్నాను.

వాడు లేచి, విప్పిన ప్యానెల్ బిగించబోయాడు. అదీ వద్దన్నాను. వెళ్ళిపోయాడు. ప్యానెల్ నేనే బిగించుకున్నాను, వంకరగా వచ్చింది.

నేను తొందరపెట్టబట్టే అది చెరిగిపోయిందని రాజేశ్వరి అందరితో అంటోంది. తెల్లారేదాకా ఆగి ఉంటే ఇద్దరికీ ఉండేదంటోంది. అనుకోనివ్వండి. వాడు దొంగిలించకపోతే తియ్యాల్సిన పనే లేదు. నా ఇంట్లో నా మిషన్లో ఉండేది. ఇందులో తెలియనిది ఏముంది?

తర్వాత ఊరి పెద్దలు ఇద్దరు వచ్చారు. చిన్న విషయమన్నారు. చిప్పు అంటే ఎంత ఉంటుందో వేలితో చూపించి నవ్వాడు ఒకాయన. వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపాను. ఆబ్దికం నాడు వాడు వచ్చి వీధిలో వేపచెట్టు కింద నిలబడ్డాడు. వంటవాళ్ళు నా వైపు చూశారు. నేను విస్తరి ముందు కూర్చుని తల దించుకుని తిన్నాను. తిని లేచేసరికి వాడు లేడు. ఎవరో వాడికి విస్తరి కట్టి ఇచ్చి పంపారని తర్వాత తెలిసింది. ఎవరిచ్చారో అడగలేదు.

వాడు ఇప్పుడు నెలకోసారి ఎవరితోనో కబురు చేస్తున్నాడు, అంకెలు కాగితం మీద రాసి పంపుతానని. పంపవద్దని చెప్పించాను. ఇంకోసారి కబురు తెచ్చినవాళ్ళను గుమ్మం ఎక్కనివ్వను.

జరిగింది ఇది. కోటేశ్వరి తమ్ముడని ఎవరూ నా ముందు వాడి పేరు ఎత్తవద్దు. ఆ ఉతుకు ఎలా ఉండేదని, ఎంతసేపు నానేదని, ఎన్నిసార్లు జాడించేదని ఎవరూ అడగవద్దు. అడిగినా నేను చెప్పను. దీని గురించి ఇక నేను నోరు విప్పను.